అతుకు పడ్డ ఇనుము

బోల్తాపడ్డ ట్రాక్టరు కిందికి ఫిట్టరమ్మ మోకాళ్ల మీద పాక్కుంటూ దూరడం దాకా కిందటి భాగంలో చదివారు. ఊళ్లో అందరూ తోట బాబాయి అని పిలిచే పెద్దాయన తోట వాలులో మట్టి జారి, ఆమె మరిది నడుపుతున్న ట్రాక్టరు పక్కనున్న ఎండు కాలువలోకి దొర్లిపోయింది. మరిది బతికే ఉన్నాడు. అతన్ని కాపాడింది సీటు వెనక నిలబెట్టిన ఇనుప చట్రం. బండి తిరగబడినా డ్రైవరు నలిగిపోకుండా ఆపే ఆ చట్రాన్ని అందరూ రోల్‌బార్ అంటారు. ఆ బండికి దాన్ని బిగించింది ఫిట్టరమ్మే. బార్ కాలువ అడుగున గుచ్చుకుని బండి బరువును ఆపడంతో, సీటుకీ నేలకీ మధ్య ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత ఖాళీ మిగిలింది. అక్కడ చేరినవాళ్లలో ఆ ఖాళీలోకి పట్టే మనిషి ఆమె ఒక్కతే.

లోపల డీజిలు వాసన గొంతు పట్టుకుంటోంది. బయటి నుంచి వచ్చే వెలుతురు మడ్‌గార్డు అంచు దగ్గరే ఆగిపోయింది. ఫిట్టరమ్మ చెయ్యి చాచి తడిమితే ముందు బురద తగిలింది, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత చెమటతో తడిసిన చొక్కా.

"ఎవరు?" అన్నాడు మరిది. కళ్లలో మట్టి పడి అతనికి సరిగా కనబడటం లేదు.

"నేనే. కదలకు."

"నువ్వొచ్చావేంటి వదినా? అన్నయ్య లేడా?"

"ఉన్నాడు. మీ అన్నయ్య పొట్ట పట్టే సందు కాదిది."

అతను నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. సీటు ఒక పక్కకు ఒరిగి, దాదాపు తలకిందులుగా ఉంది. నడుముకున్న బెల్టుకి అతను బస్తాలా వేలాడుతున్నాడు. ఒక భుజం మట్టికి ఆనుకుని ఉంది. ఆమె అతని మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది, వేళ్లు కదిలించమంది. చేతివేళ్లు కదిలాయి. కుడికాలు కదిలింది.

"ఎడమకాలో?"

"ఉందో లేదో తెలియట్లేదు."

ఉంది. వంగిపోయిన ఫుట్‌బోర్డుకీ క్లచ్ పెడల్‌కీ మధ్య బూటుతో సహా ఇరుక్కుపోయింది. ఆమె ముట్టుకుంటే అతను పళ్లు బిగబట్టాడు. నొప్పి తెలుస్తోందంటే నయమే అనుకుంది.

"బెల్టు విప్పెయ్యి వదినా. పొట్టలోకి కోసుకుపోతోంది."

"విప్పితే నెత్తి మీద పడతావు. ఒళ్లు కిందికొస్తుంది, కాలు పైనే ఉంటుంది. ముందు కాలు సంగతి చూద్దాం, తర్వాత బెల్టు."

"ఇది పెట్టుకోమని నువ్వు సతాయించినప్పుడల్లా లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి."

"ఇప్పుడూ తిట్టుకో. నీకు ఊపిరాడుతోందని నాకు తెలుస్తుంది."

ఆమె వెనక్కి తిరిగి మడ్‌గార్డు కింది సందులోంచి కేకేసింది. బ్యాటరీ తీగ ఊడదీయమంది. ఎవరూ దగ్గర్లో బీడీ, సిగరెట్టు ముట్టించొద్దంది. తీగ ముందే ఊడదీశానని ఆమె భర్త బదులిచ్చాడు. అతను సందు దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. గడ్డం, ఒక చెంప మాత్రమే ఆమెకు కనబడుతున్నాయి.

"ఫైరింజను బయల్దేరిందట," అన్నాడు అతను. "తోట దారిలో అది పట్టదు. తోట బాబాయి తన ట్రాక్టరు గట్టు మీదికి తెచ్చాడు. గొలుసేసి ఒక్క లాగు లాగితే బండి పక్కకి ఒరుగుతుంది. నువ్వు బయటికొచ్చెయ్యి."

"ఏ పక్క నుంచి లాగుతారు?"

"ఇటు నుంచే. గట్టు వైపుకి."

"ఆగండి. బరువంతా దేని మీద ఉందో చూడనివ్వండి."

ఆమె జేబులోంచి టార్చి తీసి వెలిగించింది. పనిలో దిగితే ఆమెకు భయం ఒక పక్కకు తప్పుకుంటుంది. ఇరవై ఏళ్ల వయసులో కోడలిగా ఆ షెడ్డులో అడుగుపెట్టిన నాటి నుంచీ అంతే. షెడ్డులో భర్త నాగళ్లు, గేట్లు, ట్రాలీలు వెల్డింగ్ చేస్తాడు. రోల్‌బార్లు బిగించే పని మాత్రం ఆమెది. ఆ బండి మోడల్ కోసం తయారై, పరీక్షకు నిలిచిన బార్ తప్ప వేరేది ముట్టుకోదు. దాంతో వచ్చిన బోల్టులే వాడుతుంది. బిగువు కొలిచే టార్క్ రెంచి, ఉండాల్సినంత వచ్చిందని క్లిక్‌మనేదాకా బిగిస్తుంది. బార్‌కి కన్నం పెట్టనివ్వదు, దానికి గొలుసు తగిలించనివ్వదు. పగిలినా వంగినా తీసి పక్కన పడేయాల్సిందే. ఆ ఇనుముకి మళ్లీ నిప్పు చూపించకూడదు. ఈ చివరి మాట మీదే ఆలుమగలకు ఎన్నోసార్లు పేచీ అయింది. ఇనుమన్నాక అతకదా, నా చేతి పని మీద నీకు నమ్మకం లేదా అంటాడు అతను. మీ మీద నమ్మకం ఉంది, కాలిన ఇనుము మీదే లేదు అంటుంది ఆమె.

టార్చి వెలుగు బార్ కొస నుంచి మొదలు దాకా పాకింది. బార్ రెండు కాళ్లలో కుడిది గాల్లో ఉంది. భారమంతా ఎడమది మోస్తోంది. దాని మొదట్లో, ఇరుసుకు బిగించే పలక దగ్గర, పసుపు రంగు పెచ్చులూడి ఉంది. ఆ రంగు ఆమె వేసింది కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగైతే అలా పొరలుగా లేవదు. ఆమె గోటితో ఇంకో పెచ్చు గీకింది.

కింద అతుకు కనబడింది.

చూసిన క్షణంలోనే ఎవరిదో తెలిసిపోయింది. ఒక్కో వెల్డరు చేతిది ఒక్కో తీరు. ఈ చెయ్యి గీతను సన్నగా, ఒకే ఎత్తులో, చేపపొలుసుల్లా పేర్చుకుంటూ పోతుంది. చివర రాడ్డు ఎత్తేటప్పుడు చిన్న మెలిక తిప్పుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ గీతలు చూసి మురిసిపోయేది ఆమె. వీధిలో ఏ గేటు ముందు నిలబడ్డా, ఇది మా ఆయన పని అని చెప్పేది. ఇప్పుడా గీత చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన, వేడికి పెళుసుబారిన చోట, వెంట్రుకంత పగులు ఇనుము వెంట పోతోంది.

ఆమె టార్చి మరిది వైపు తిప్పింది.

"చిన్నోడా," అంది నెమ్మదిగా. "ఈ బార్ ఎప్పుడు పగిలింది?"

అతను ముఖం మట్టి వైపు తిప్పుకున్నాడు.

"చెప్పు, నిన్నే అడుగుతున్నా."

"నువ్వు మీ అమ్మ దగ్గర ఆస్పత్రిలో ఉన్నప్పుడు," అన్నాడు చివరికి. "పాత మొద్దొకటి పీకాల్సొచ్చింది. కింద హుక్కు అందలేదని గొలుసు బార్‌కే తగిలించా. నాదే తప్పు వదినా. ముందు చక్రాలు లేచాయి. భయమేసి వదిలేశా. చూస్తే మొదట్లో పగిలి ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే బండి నిలబెట్టేస్తావు. కొత్త బార్ వచ్చేసరికి దున్నకాలు అయిపోతాయి. అన్నయ్యకి చెప్పా. ఇదెంత పని, పొద్దున్నకల్లా చేసిస్తా అన్నాడు. వదిన చెవిన వేయకు అన్నాడు."

"నువ్వూ వేయలేదు."

"వేయలేదు," అన్నాడు అతను. "రోజూ నీ చేతి అన్నం తింటూనే ఉన్నా. నోరు రాలేదు."

బయట గొలుసు చప్పుడైంది. తోట బాబాయి గట్టు మీది నుంచి ఏదో అడుగుతున్నాడు. భర్త, తగిలించు బాబాయ్ అంటున్నాడు.

"గొలుసు ముట్టుకోవద్దు," అని ఫిట్టరమ్మ అరిచింది. ఇనుప గోడల మధ్య ఆ అరుపు ఆమె చెవులకే తగిలింది. "ఏమండీ, మీరొక్కరే దగ్గరికి రండి."

చెంప మళ్లీ సందులోకి వచ్చింది. ఆమె పాక్కుంటూ వెళ్లి అతని ముఖానికి జానెడు దూరంలో ఆగింది. పైన జనం ఉన్నారు. వాళ్లలో సగం మంది బళ్లకు బార్లు బిగించింది తనే. షెడ్డు బోర్డు మీద ఉన్నది ఇంటిపేరు. తనకు తెలియకుండానే గొంతు తగ్గించింది.

"బార్ ఎడమకాలికి మీరేనా అతుకు వేసింది?"

అతని కన్ను ఒకసారి మూసుకుని తెరుచుకుంది.

"గట్టిగానే వేశాను," అన్నాడు.

"మీ అతుకు గట్టిగానే ఉంది. దాని పక్క ఇనుము చీలుతోంది. అటు లాగారంటే ఆ కాలు విరిగి, బండి వాడి మీద కూర్చుంటుంది."

అతని నుదుటి మీద చెమట బొట్టు జారి ముక్కు పక్కకు వచ్చింది. తుడుచుకోలేదు.

"నువ్వు బయటికి రా," అన్నాడు. "నీకు దణ్ణం పెడతాను. నువ్వు రా, నేనెలాగో దూరతాను."

"మీరు దూరలేరు. నేను వాణ్ణి వదిలి రాలేను. నేను చెప్పింది చేస్తారా, చేయరా?"

"చెప్పు."

"చెక్కదిమ్మెలు కావాలి. ట్రాలీ చక్రాల కింద పెట్టేవి, ఎన్నుంటే అన్ని. స్క్రూ జాకీ. బూటు కొయ్యడానికి కత్తి. బాబాయిగారిని గొలుసు చుట్టేయమనండి. గట్టు అంచున ఎవరూ నిలబడకూడదు, మట్టి జారుతుంది."

అతను లేచి పరుగెత్తాడు. ఎందుకు, ఏమిటని జనం అడగడం ఆమెకు వినబడింది. బార్ మీద బరువు ఎక్కువైంది, లాగకూడదట అని మాత్రం చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. తను గొంతు తగ్గించినందుకు అతనికి అది వీలైంది. ఆ సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మరిది మూలగడంతో పక్కకు నెట్టేసింది.

దిమ్మెలు ఒక్కొక్కటిగా సందులోంచి లోపలికి వచ్చాయి. ఆమె వాటిని వెనక ఇరుసు కింద అడ్డం ఒకటి, నిలువు ఒకటి చొప్పున పేర్చుకుంటూ పోయింది. సీటు రేకు కింద పెడితే ఉపయోగం లేదు, రేకు ఒంగిపోతుంది. బండి బరువు మోయగలిగింది ఇరుసొక్కటే. మోచేతులు చీరుకుపోయాయి. వీపు మీద డీజిలు చుక్కలు పడుతున్నాయి. కింద మట్టి మెత్తగా ఉండటంతో మొదటి వరుస పీకి, పలక పరిచి మళ్లీ పేర్చాల్సి వచ్చింది.

"వదినా, ఏదైనా మాట్లాడు," అన్నాడు మరిది.

"ఏం మాట్లాడను?"

"తిట్టు పోనీ."

"తిడతాను. బయటికొచ్చాక తీరిగ్గా కూర్చోబెట్టి తిడతాను. సగం తిట్లు ఇప్పుడే అవగొట్టుకోను."

ఎక్కడో టిక్‌మని చిన్న చప్పుడైంది. ఆమె టార్చి తిప్పి చూసింది. వెంట్రుకంత పగులు ఇప్పుడు గోరు దూరేంత అయింది.

"ఏంటది?"

"దిమ్మె సర్దుకుంది," అంది ఆమె. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఆఖరి దిమ్మె మీద జాకీ పెట్టి, ఇరుసుకు ఆనేదాకా తిప్పింది. బండిని లేపడం ఆమె ఉద్దేశం కాదు. ఉన్నది ఉన్నట్టు నిలబెడితే చాలు. జాకీ కింద చెక్క మూలిగింది. తర్వాత కత్తితో బూటు లేసులు కోసింది. మడమ వెనక తోలును నిలువునా చీల్చింది. క్లచ్ పెడల్ కడ్డీకున్న పిన్నును పట్టకారుతో లాగేసరికి పెడల్ వదులై వేలాడింది. కాలు కొంచెం కదిలింది. మరిది గొంతులోంచి వచ్చిన కేకకు గట్టు మీద మాటలన్నీ ఆగిపోయాయి.

"లాగుతున్నా. అరవాలనిపిస్తే అరిచెయ్."

పాదం బూటును లోపలే వదిలేసి బయటికొచ్చింది. రక్తంతో తడిసి, వాచి, రంగు మారి ఉంది. అయినా వేళ్లు కదిలాయి. ఆమె అతని కిందికి జరిగి, వీపును తన భుజం మీద ఆనించుకుంది.

"ఇప్పుడు బెల్టు. రెండు చేతులూ తల చుట్టూ పెట్టుకో. బరువు నా మీద వదిలెయ్యి."

బకిల్ నొక్కింది. అతని ఒళ్లంతా ఒక్కసారిగా ఆమె మీద పడింది. కళ్లకు చీకట్లు కమ్మాయి. మట్టి నోట్లోకి పోయింది. ఎలా తోసిందో, అతను ఎలా పాకాడో ఆమెకు తెలియలేదు. సందులోంచి భర్త చేతులు రెండూ లోపలికొచ్చి తమ్ముణ్ణి చంకల కింద పట్టుకున్నాయి. చొక్కా చిరిగింది. నడుము దాటింది. చివరికి ఆ వాచిన పాదం వెలుతురులోకి జారిపోయింది.

బయట ఎవరో ఏడుస్తున్నారు. అది తన భర్త అని కాసేపటికి గానీ ఆమెకు అర్థం కాలేదు.

ఆమె నోట్లో మట్టి ఉమ్మేసి, మోచేతుల మీద లేచి సందు వైపు కదిలింది. అప్పుడు విరిగింది బార్ కాలు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండుకర్ర విరిచినట్టు ఒక్క శబ్దం, ఆ తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకున్న కీచు. ఆమె తల రెండు చేతుల మధ్య దాచుకుని ముడుచుకుంది. ఇరుసు దిమ్మెల మీదికి దిగింది. దిమ్మెలు నిలబడ్డాయి. మడ్‌గార్డు మాత్రం జారి కాలువ అంచున మట్టిలోకి దిగిపోయింది. ఇంతకుముందు తను పాకి వచ్చిన సందు ఇప్పుడు చెయ్యి పట్టేంత మిగిలింది.

"ఏమే," అని పిలిచాడు భర్త.

"ఉన్నాను," అంది ఆమె. "ఏమీ కాలేదు. ఏదీ ముట్టుకోకండి."

అతను ఆ సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి గాల్లో తడుముతున్నాడు. వెల్డింగ్ రవ్వలకు కాలి మచ్చలు పడ్డ చెయ్యి. ఆమె దాన్ని పట్టుకుంది. వదిలించుకోవాలనీ ఉంది, వదలకూడదనీ ఉంది.

"ఫైరింజను వాళ్లు తోట గేటు దగ్గర దిగి నడిచి వస్తున్నారట," అన్నాడు. "వాడికేం కాదు, స్పృహలోనే ఉన్నాడు. నువ్వు భయపడకు."

"నాకు దిమ్మెల మీద నమ్మకముంది. అవి నేను పేర్చినవి." ఆ మాట అతనికి ఎంత తగిలిందో చేతిలో తెలిసింది. ఆమె ఆగలేదు. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. మీరు అతికించింది ఈ బార్ ఒక్కటేనా?"

చెయ్యి వెనక్కి పోబోయింది, ఆమె వదల్లేదు.

"ఏమండీ."

"అతుకు వేసి ఇచ్చాక బాగానే నడిచింది కదా," అన్నాడు నీళ్లు నములుతూ. "అది చూసి... నువ్వు ఆస్పత్రి నుంచి రాకముందే ఇంకొకటి వచ్చింది. గుమ్మానికి కొట్టుకుని వంగిందన్నాడు మనిషి. కాల్చి, సాపు చేసి, పగిలినచోట అతికించి, రంగేసి పంపించాను. నిన్నడిగే చేస్తున్నాననుకున్నాడు ఆయన. నేనూ కాదనలేదు."

"ఎవరి బండి?"

గట్టు మీద ట్రాక్టరు ఇంజను మొదలైంది. దాని మోత మట్టిలోంచి ఆమె మోకాళ్లకు తెలుస్తోంది.

"ఒరేయ్, లే అక్కణ్ణుంచి," అని తోట బాబాయి గొంతు పై నుంచి వినబడింది. "నేను వాలు దిగి అవతలి పక్కకొస్తున్నా. ఈ బండి ఇంకా జారకుండా అక్కణ్ణుంచి గొలుసేసి పట్టుకుంటా. అమ్మాయి లోపలుంటే చూస్తూ కూర్చుంటామా."

ఎవరో వద్దన్నారు. మట్టి జారుతోంది, చూసుకో అన్నారు.

"నాకేం భయం. వెనకాల వీళ్లు బిగించిన బార్ ఉందిగా, బెల్టూ పెట్టుకున్నా," అన్నాడు ఆయన.

ఫిట్టరమ్మ సందులోంచి భర్త కళ్లలోకి చూసింది. రెండో బార్ ఎవరి బండిదని ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

"ఆపండి ఆయన్ని," అంది.

"ఏమని ఆపను?"

"ఉన్నదే చెప్పి ఆపండి. వట్టి మాటలకు ఆగే మనిషి కాదు ఆయన."

"అందరూ ఉన్నారే అక్కడ."

"బాబాయిగారూ," అని ఆమె ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. అంతలోనే హెచ్చిన ఇంజను మోతలో ఆ కేక ఇనుము దాటి పోలేదు. ఆమె భర్త చెయ్యి వదిలేసి వెనక్కి నెట్టింది. "లేవండి."

అతను లేచాడు. సందులోంచి ముఖం పోయింది. బురద పట్టిన పాదాలు రెండే మిగిలాయి. వాటికి అవతల పెద్ద చక్రం గట్టు అంచు దాటి వాలు మీదికి దిగింది. దాని ముందు మట్టిగడ్డలు దొర్లుకుంటూ వస్తున్నాయి. ఆమె గొంతు చించుకుని అరుస్తూనే ఉంది.

ఆ పాదాలు ఉన్నచోటే ఉన్నాయి.